ఆపడానికి పదమూడు చాలు: ఫిలిస్ ష్లాఫ్లీ లెక్క, సీమ అనుభవం

అమెరికా రాజ్యాంగంలో ఒక్క వాక్యం కొత్తగా చేర్చాలంటే ముందు కాంగ్రెస్ రెండు సభల్లో మూడింట రెండొంతుల ఓట్లు పడాలి. ఆ తర్వాత 50 రాష్ట్రాల్లో 38 రాష్ట్రాల శాసనసభలు సరే అనాలి. ఈ లెక్కను తిరగేస్తే, చేర్చకుండా ఆపడానికి 13 రాష్ట్రాలు చాలు. నెబ్రాస్కాలో తప్ప ప్రతి రాష్ట్రంలోనూ రెండేసి సభలున్నాయి కాబట్టి, ఆ 13 చోట్ల ఒక్కొక్క సభ మొండికేస్తే సరిపోతుంది. ఆ సభలో కూడా కమిటీ దగ్గరే కాగితం ఆగిపోతే ఓటింగు దాకా పోనక్కర్లేదు. సమాన హక్కుల సవరణను అడ్డుకున్న ఫిలిస్ ష్లాఫ్లీ గురించి మాట్లాడేవాళ్లు ఆమె సంప్రదాయవాదం దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. మొదలుపెట్టాల్సింది ఈ లెక్క దగ్గర. దేశమంతా ఎదురుగా ఉన్నట్టు కనబడినా గెలవొచ్చని ఆమెకు తెలిసింది దీని వల్లే.

ఆ సవరణ అసలు వాక్యం చాలా చిన్నది. స్త్రీ పురుష భేదం కారణంగా చట్టం కింద హక్కుల సమానత్వాన్ని దేశ ప్రభుత్వం గానీ ఏ రాష్ట్రం గానీ నిరాకరించరాదు, తగ్గించరాదు అన్నది దాని సారం. 1923లోనే కాంగ్రెస్ ముందుకు వచ్చినా దాదాపు యాభై ఏళ్లు కదల్లేదు. కదిలాక మాత్రం వేగంగా కదిలింది. 1971 అక్టోబరులో దిగువ సభ 354-24 ఓట్లతో, 1972 మార్చి 22న సెనేట్ 84-8 ఓట్లతో ఆమోదించాయి. అదే రోజు హవాయి ఒప్పుకుంది. మరుసటి ఏడాదికి 30 రాష్ట్రాలు ఒప్పేసుకున్నాయి. ఇంకో ఎనిమిది వస్తే పని అయిపోయినట్టే. గడువు 1979 మార్చి వరకు ఉంది. ఆ స్థితిలో దీన్ని ఆపుతానన్న మనిషిని ఎవరూ లెక్కచేయలేదు. ఆమెకు అదీ కలిసొచ్చింది.

జీవిత వివరాలు క్లుప్తంగా. 1924 ఆగస్టు 15న మిస్సోరి రాష్ట్రంలోని సెయింట్ లూయిస్‌లో కేథలిక్ కుటుంబంలో పుట్టింది. మాంద్యం రోజుల్లో తండ్రి ఉద్యోగం పోతే తల్లి లైబ్రరీ ఉద్యోగంతో ఇల్లు నడిపింది. ఫిలిస్ యుద్ధకాలంలో రాత్రిపూట తూటాల ఫ్యాక్టరీలో రైఫిళ్లు, మెషీన్ గన్లు పేల్చి తూటాలను పరీక్షించే పని చేస్తూ పగలు చదువుకుంది. 1944లో డిగ్రీ, మరుసటి ఏడు రాడ్‌క్లిఫ్‌లో ఎం.ఏ. పూర్తిచేసింది. 1949లో లాయరు ఫ్రెడ్ ష్లాఫ్లీని పెళ్లి చేసుకుని ఇల్లినాయ్ రాష్ట్రం ఆల్టన్‌లో కాపురం పెట్టింది. ఆరుగురు పిల్లలు. 1952లో ఒకసారి, 1970లో మరోసారి కాంగ్రెస్‌కు పోటీచేసి ఓడిపోయింది. మధ్యలో 1964లో రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి బారీ గోల్డ్‌వాటర్‌కు మద్దతుగా తనే అచ్చువేయించుకున్న చిన్న పుస్తకం లక్షల్లో అమ్ముడుపోయింది. క్షిపణులు, అణ్వాయుధ ఒప్పందాల మీద రాసింది. యాభై దాటాక లా చదివి 1978లో పట్టా తీసుకుంది. ఆడవాళ్లకు ఇల్లే ఆధారమని ఊరూరా చెప్పిన మనిషి తను ఎప్పుడూ ఇంట్లో కూర్చోలేదని ప్రత్యర్థులు ఎత్తిపొడిచేవారు. ఆ ఎత్తిపొడుపు పెద్దగా పారలేదు. ఆమె సభ మొదలుపెట్టేటప్పుడు, ఇక్కడికి రానిచ్చినందుకు మా ఆయన ఫ్రెడ్‌కు కృతజ్ఞతలు అనేది. స్త్రీవాదులకు మండుతుందని తెలిసే అనేది.

ఆమె పనితీరు అర్థం కావాలంటే ఈ రెండు ఎన్నికల ఓటముల కంటే 1967లో తగిలిన ఓటమి ముఖ్యం. రిపబ్లికన్ మహిళల జాతీయ సమాఖ్య అధ్యక్ష పదవికి పోటీచేసి ఓడింది. పార్టీ పెద్దలు తనకు అడ్డుపడ్డారని నమ్మింది. సమాఖ్యలో ఉండి గొడవపడే బదులు, తనకు ఓటేసిన ఆడవాళ్ల పేర్లు, చిరునామాలు పట్టుకుని అదే ఏడాది ఆగస్టులో ఒక నెలవారీ పత్రిక మొదలుపెట్టింది. నాలుగు పేజీలే. చందా కట్టినవాళ్లకు పోస్టులో వెళ్లేది. ఆ జాబితా పార్టీది కాదు, చర్చిది కాదు, ఆమెది. తర్వాత పదిహేనేళ్ల పోరాటానికి అదే ఇరుసు.

1972 ఫిబ్రవరి సంచికలో సమాన హక్కుల సవరణలో తప్పేమిటో రాసింది. కొద్ది వారాలకు ఓక్లహోమా నుంచి ఒక చందాదారు ఫోన్ చేసింది. ఆ సంచికను తమ శాసనసభకు తీసుకెళ్లి పంచామని, సవరణ ఓడిపోయిందని చెప్పింది. ఒక కరపత్రం, దాన్ని చేత్తో పట్టుకుని సభ్యుడి ఎదుట నిలబడే నలుగురు స్థానిక ఆడవాళ్లు ఉంటే చాలని అక్కడ రుజువైంది. ఆ ఏడాదే స్టాప్ ఈఆర్‌ఏ అనే సంస్థ పెట్టింది. ఈఆర్‌ఏ అంటే సమాన హక్కుల సవరణ ఇంగ్లిషు పేరుకు పొట్టి రూపం. మా ప్రత్యేక సౌకర్యాలు లాక్కోకండి అనే నినాదంలోని ఇంగ్లిషు మాటల మొదటి అక్షరాలే ఆ స్టాప్.

పద్ధతి ఇలా ఉండేది. రాష్ట్రానికొక బాధ్యురాలు, ఆమెను ష్లాఫ్లీయే ఎంపిక చేసేది. ఆమె కింద శాసనసభ నియోజకవర్గాల వారీగా మనుషులు. ఒకరు నలుగురికి, ఆ నలుగురు తలా నలుగురికి ఫోన్ చేసే గొలుసు. కమిటీ సమావేశం రేపు ఉదయమంటే ఈ రాత్రికే వందల మందికి కబురు చేరేది. ప్రతి ఏడాది సెయింట్ లూయిస్‌లో శిక్షణ. కమిటీ ముందు సాక్ష్యం ఎలా చెప్పాలి, విలేకరి ఉచ్చులోకి లాగితే ఎలా తప్పుకోవాలి, టీవీ కెమెరా ముందు ఏ రంగు బట్టలు నప్పుతాయి, ఎంత మేకప్ వేసుకోవాలి, ఇవన్నీ నేర్పేవారు. ఇద్దరిని నిలబెట్టి ఉత్తుత్తి వాదోపవాదం పెట్టించేవారు. అరవకూడదు, నవ్వుతూ మాట్లాడాలి. ఓటింగు ముందు ఇంట్లో కాల్చిన రొట్టెలు, ఇంట్లో పట్టిన జామ్ సీసాలు శాసనసభ్యుల బల్లల మీద పెట్టేవారు. సంపాదించేవారికి వండిపెట్టేవారి నుంచి అని చీటీ అంటించేవారు. మన దగ్గరైతే ఓళిగల డబ్బా పట్టుకుని ఎమ్మెల్యే ఇంటి గడప ముందు నిలబడ్డట్టు. నవ్వులాటగా కనిపిస్తుంది గానీ, ఆ రొట్టె తెచ్చినామె తన నియోజకవర్గం ఓటరని, ఆమె వెనక చర్చి నిండా మనుషులున్నారని సభ్యుడికి తెలుసు.

ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైంది రొట్టెలు కాల్చడం కాదు, కేథలిక్కులు, బాప్టిస్టులు, మార్మన్లు, సనాతన యూదులను ఒక గదిలో కూర్చోబెట్టడం. ఒకరి పూజ ఒకరికి గిట్టని వాళ్లు వీళ్లంతా. మతం మీద వాదించుకోవడం వద్దు, ఈ ఒక్క సవరణ మీదే పనిచేద్దాం అన్న కట్టుబాటుతో నడిపింది. తర్వాతి దశాబ్దాల్లో రిపబ్లికన్ పార్టీకి దన్నుగా నిలిచిన మత ఓటర్ల కూటమికి మొదటి తాలీమ్ ఇక్కడే జరిగింది. అందులో నల్లజాతి స్త్రీలు చాలా తక్కువన్న సంగతి కూడా చెప్పుకోవాలి. 1977 నవంబరులో హ్యూస్టన్‌లో ప్రభుత్వ ఖర్చుతో జాతీయ మహిళా మహాసభ జరిగితే, అదే ఊళ్లో మరో హాల్లో ఆమె పోటీ సభ పెట్టింది. సుమారు 15,000 మంది వచ్చారు. రెండు హాళ్లలో కూర్చున్న జనాన్ని పోల్చి చూసినవాళ్లకు రంగు తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది.

ఆమె స్వరాష్ట్రం ఇల్లినాయ్‌లో నియమాలే ఆయుధమయ్యాయి. రాజ్యాంగ సవరణ ఒప్పుకోవాలంటే అక్కడ మూడు బటా ఐదు వంతుల ఓట్లు కావాలి. అప్పటి దిగువ సభలో 177 మంది, అంటే 107 ఓట్లు. సగం కంటే ఎక్కువ ఓట్లు చాలాసార్లు వచ్చాయి, 107 మాత్రం రాలేదు. ఇది అన్యాయమని కోర్టుకు వెళితే, 1975లో ముగ్గురు జడ్జీల ఫెడరల్ బెంచ్ తరఫున జాన్ పాల్ స్టీవెన్స్ తీర్పు రాస్తూ, ఎంత మెజారిటీ పెట్టుకోవాలన్నది ఆయా శాసనసభల ఇష్టమన్నాడు. రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆల్టన్‌కు దూరం కాదు. పత్రికను, ఉద్యమాన్ని ఇంటి నుంచే నడుపుతూ ఆమె అక్కడ ప్రతి ఓటింగునూ కాపు కాసింది.

అవతలి వాళ్ల తప్పులూ ఉన్నాయి. మొదటి రెండేళ్లు అంతా అయిపోయినట్టే అనుకుని రాష్ట్రాల్లో మనుషుల్ని తయారుచేసుకోలేదు. పేరున్న నాయకురాళ్లు న్యూయార్క్, వాషింగ్టన్‌ల నుంచి దిగి ఉపన్యాసమిచ్చి వెళ్లేవారు. స్థానిక సభ్యుడికి వాళ్ల ఓటు లేదు, వాళ్ల వల్ల ఓటు పోదు. 1978లో గడువు పొడిగించమని కాంగ్రెస్‌ను అడిగారు. సాధారణ మెజారిటీతోనే, దిగువ సభలో 233-189, సెనేట్‌లో 60-36 ఓట్లతో 1982 జూన్ 30 దాకా పొడిగించారు. ఆట మధ్యలో నియమాలు మారుస్తున్నారన్న మాట ష్లాఫ్లీకి ఉచితంగా దొరికింది. పొడిగించిన 39 నెలల్లో ఒక్క రాష్ట్రం కొత్తగా చేరలేదు. చివరిగా చేరిన ఇండియానా 1977 జనవరిలోనే చేరింది. మొత్తం 35 దగ్గర ఆగింది. ఈలోగా నెబ్రాస్కా, టెన్నెసీ, ఇడాహో, కెంటకీ, సౌత్ డకోటా ఒప్పుకున్నది వెనక్కి తీసుకుంటున్నామన్నాయి. ఇల్లినాయ్‌లో సవరణ కోరే ఒక కార్యకర్త శాసనసభ్యుడికి డబ్బు ఇవ్వజూపి లంచం కేసులో దోషిగా తేలింది. చివరి వేసవిలో నిరాహార దీక్షలు, సభ తలుపులకు గొలుసులతో కట్టేసుకోవడాలు. అవి చూసి తటస్థ సభ్యులు సవరణ వైపు రాలేదు, ఇంకా దూరం జరిగారు.

ఆమె చెప్పిన భయాల్లో ఎంత నిజముందన్నది వేరే ప్రశ్న. ఇక్కడ ఒక్కొక్కటీ విడదీసి చూడాలి. సైన్యంలో నిర్బంధ భర్తీ గురించి ఆమె చెప్పింది గట్టి వాదన. సవరణ వస్తే ఆడపిల్లల్నీ పిలవాల్సి వస్తుందని సమర్థకులే ఒప్పుకున్నారు, కొందరు గర్వంగా ఒప్పుకున్నారు. వియత్నాం యుద్ధం ముగుస్తున్న రోజుల్లో ఏ తల్లి ఆ మాట విని ఊరుకుంటుంది? సవరణ రాలేదు కాబట్టే 1981లో సుప్రీంకోర్టు మగవాళ్లను మాత్రమే నమోదు చేసే పద్ధతి చెల్లుతుందని చెప్పగలిగింది. భర్త పోషించే హక్కు పోతుందన్న వాదన మాత్రం పలచన. అమెరికాలో కలిసి కాపురం చేస్తున్న భార్య కోర్టుకెళ్లి పోషణ రాబట్టుకోవడం దాదాపు అసాధ్యం. 1953లో నెబ్రాస్కా సుప్రీంకోర్టు మెక్‌గ్వైర్ కేసులో, ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నంతకాలం ఎంత ఖర్చుపెట్టాలన్నది ఇంటివాళ్లు తేల్చుకోవాల్సిందే గానీ కోర్టు చెప్పదంది. అంటే పోతుందని ఆమె భయపెట్టిన హక్కు, కాగితం మీద కూడా సరిగా లేదు.

అయినా ఆ భయం అబద్ధం కాదు. 1970లో కాలిఫోర్నియాలో తప్పు నిరూపించకుండానే విడాకులిచ్చే చట్టం అమల్లోకి వచ్చింది, దశాబ్దంలో చాలా రాష్ట్రాలకు పాకింది. ఇరవై అయిదేళ్లు వండిపెట్టి, ఉద్యోగ అనుభవం లేక, నలభై అయిదేళ్ల వయసులో రోడ్డున పడే అవకాశం అప్పుడే మొదటిసారి పెద్ద ఎత్తున కనిపించింది. ఆ చట్టానికీ ఈ సవరణకూ సంబంధం లేదు. కానీ ఆ స్త్రీకి రెండూ ఒకే గాలిలో వచ్చినట్టు కనిపించాయి. ష్లాఫ్లీ చదివింది చట్టాన్ని కాదు, ఆ ముఖాన్ని.

ఇది కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో చదివేవాళ్లకు కొత్త సంగతేమీ కాదు. ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన హిందూ వారసత్వ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలై, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా భాగమిచ్చింది. 2005లో కేంద్ర చట్టం పెళ్లయినవాళ్లకూ ఇచ్చింది. ఇన్నేళ్లయినా సీమ పల్లెల్లో తండ్రి పోయాక అక్కచెల్లెళ్లు రిజిస్ట్రారు ఆఫీసుకు వచ్చి హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టి వెళ్లడం మామూలు విషయం. అడిగితే భాగం తీసుకుంటే పుట్టిల్లు పోతుందంటారు. పసుపు కుంకుమ కింద ఇచ్చిన అరెకరమో ఎకరమో చాలంటారు. మెట్ట భూమిలో వేరుశనగ పండని ఏడాది ఆదుకునేది, మొగుడితో గొడవొస్తే నాలుగు రోజులు ఉండనిచ్చేది అన్న ఇల్లే. కాగితం మీది హక్కు కంటే అలవాటైన ఆసరాను ఎంచుకోవడం వెనక లెక్క ఉంది. దాన్ని వెనకబాటుతనం అని కొట్టిపారేసే స్త్రీవాద కార్యకర్త ఎవరైనా, 1970ల నాటి అమెరికా సమర్థకులు చేసిన పొరపాటే చేస్తున్నట్టు.

మన రాజ్యాంగంలో మాత్రం ష్లాఫ్లీ నినాదానికి చోటు చాలా తక్కువ. 14, 15, 16 అధికరణలు సమానత్వం ఇస్తాయి. 15(3) స్త్రీలకు, పిల్లలకు ప్రత్యేక ఏర్పాట్లు చేసుకోవచ్చంటుంది. సమానత్వం వస్తే ప్రత్యేక సౌకర్యాలు పోతాయన్న మాట అక్కడే ఆగిపోతుంది. 1948 ఫ్యాక్టరీల చట్టం సమానత్వం ఉండగానే స్త్రీలకు రాత్రి పనిని నిషేధించింది. 1956 దత్తత, మనోవర్తి చట్టం 18వ సెక్షను హిందూ భార్యకు భర్త నుంచి జీవితాంతం పోషణ పొందే హక్కునిచ్చింది. పంచాయతీల్లో మూడో వంతు సీట్లు 73వ సవరణతో వచ్చాయి, తర్వాత రాష్ట్రం సగానికి పెంచింది.

ఇంకో తేడా సవరణ దారిలో ఉంది. మన 368వ అధికరణ ప్రకారం కొన్ని అంశాలకే సగం రాష్ట్రాల ఆమోదం కావాలి. చట్టసభల్లో మహిళా రిజర్వేషన్ తెచ్చిన 106వ సవరణ 2023 సెప్టెంబరులో లోక్‌సభలో 454-2, రాజ్యసభలో 214-0 ఓట్లతో గెలిచి, రాష్ట్ర శాసనసభల గడప తొక్కకుండానే రాష్ట్రపతి సంతకంతో చట్టమైంది. అంటే కర్నూలు ఎమ్మెల్యే బల్ల మీద రొట్టె పెట్టినా, తీసేసినా ఒకటే. జనగణన, నియోజకవర్గాల పునర్విభజన తర్వాతే అమలు అన్న షరతు అందులోనే ఉంది. 1996 నుంచి అంతకుముందు బిల్లులను అడ్డుకున్నది కూడా ఆడవాళ్ల సంస్థలు కాదు, వెనకబడిన కులాలకు లోపలి వాటా అడిగిన మగ ఎంపీలు.

పనితీరు పోల్చాలనుకుంటే సారా వ్యతిరేక ఉద్యమం దగ్గర పోల్చాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచి సీమ జిల్లాలకూ పాకింది. ఆడవాళ్లు అంగళ్లు మూయించారు, సారా వేలం పాటలు జరగనివ్వలేదు. ఇంటిని కాపాడుకోవడమే వాళ్ల భాష కూడా. ఆ అర్థంలో అదీ సంప్రదాయ ఉద్యమమే, ఈ మాట వామపక్షాలకు రుచించదు గానీ. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో మద్య నిషేధం ఎత్తేశారు. ఖజానాకు లోటు, పొరుగు రాష్ట్రాల నుంచి దొంగరవాణా కారణాలుగా చెప్పారు. ఎత్తేసేటప్పుడు అయిదేళ్ల కిందటి ఆ ఆడవాళ్లను మళ్లీ ఒక్కరోజులో పిలవగలిగే పుస్తకం ఎవరి దగ్గరా లేదు. ష్లాఫ్లీ అయితే పోరాటం నడుమనే, 1975లో, ఈగిల్ ఫోరం అనే శాశ్వత సంస్థ పెట్టుకుంది. సవరణ గడువు చచ్చిన మర్నాడు కూడా దానికి పని ఉంది. 1940 నుంచి సమాన హక్కుల సవరణను సమర్థిస్తూ వచ్చిన రిపబ్లికన్ పార్టీ 1980 ప్రణాళికలో ఆ మద్దతు వదిలేయడం ఆ సంస్థ ఒత్తిడి ఫలితమే.

పేర్ల పుస్తకం మనకూ తర్వాత వచ్చింది. 1990ల నడుమ ఐక్యరాజ్యసమితి సాయంతో కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మొదలైన పేదరిక నిర్మూలన పథకం కింద పదీ పదిహేను మందితో పొదుపు సంఘాలు, వాటి మీద గ్రామ సంఘం, దాని మీద మండల సమాఖ్య ఏర్పడ్డాయి. ఓర్వకల్లు సమాఖ్య దేశమంతా చూసి వెళ్లే నమూనా అయింది. గొలుసు కట్టడంలో స్టాప్ ఈఆర్‌ఏ కంటే ఇది పకడ్బందీ. వారం వారం సమావేశం, తీర్మానాల పుస్తకం, అప్పు కంతుల లెక్క, బుక్‌కీపరు, అన్నీ ఉన్నాయి. కానీ తర్వాత వచ్చిన ప్రభుత్వ పథకాలతో ఆ పుస్తకం నెమ్మదిగా ఆఫీసు కంప్యూటరులోకి, అక్కడి నుంచి ఫోన్ యాప్‌లోకి వెళ్లింది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా సభకు జనం కావాలంటే బస్సు ముందుగా ఆగేది సంఘం లీడరు ఇంటి ముందే. పైనుంచి కిందికి కబురు గంటలో చేరుతుంది. కింది నుంచి పైకి, ఈ చట్టం మాకొద్దనో, ఈ అంగడి ఎత్తేయమనో అదే గొలుసు మీద పోవడం అరుదు. ష్లాఫ్లీ జాబితా తన ఇంట్లో ఉంది కాబట్టే తన పార్టీ అధ్యక్షుల మీదే దాన్ని ఎక్కుపెట్టగలిగింది.

ఆమె ఆపిన వాక్యం చేయాల్సిన పనిలో చాలా భాగం కోర్టులు చేసేశాయి. 1971లో రీడ్ కేసు, 1976లో క్రెయిగ్ కేసు స్త్రీ పురుష భేదం చూపే చట్టాలను గట్టిగా పరీక్షించే పద్ధతి తెచ్చాయి. 1979లో ఆర్ కేసు మనోవర్తి భర్త మాత్రమే ఇవ్వాలన్న చట్టాన్ని కొట్టేసింది. ఆమె 2016 సెప్టెంబరు 5న, 92 ఏళ్ల వయసులో చనిపోయింది. అంత్యక్రియలకు అప్పటి అధ్యక్ష అభ్యర్థి డొనాల్డ్ ట్రంప్ హాజరయ్యాడు. మరుసటి ఏడు నెవాడా, 2018లో ఆమె స్వరాష్ట్రం ఇల్లినాయ్, 2020లో వర్జీనియా సవరణను ఒప్పుకున్నాయి. 38 పూర్తయింది. గడువు దాటిందన్న వాదన, ఆ ఐదు రాష్ట్రాల ఉపసంహరణ ఇంకా అడ్డం ఉండటంతో అది రాజ్యాంగంలో అచ్చు కాలేదు.

సంస్థ విషయంలో మాత్రం ఆమె ఒక పని చేయలేదు. పొదుపు సంఘాల నియమావళిలో రెండేళ్లకొకసారి లీడర్లను మార్చాలని ఉంటుంది. మార్చరు, అది వేరే సంగతి. ఈగిల్ ఫోరంలో ఆ నియమం పాటించే ఊసే లేకుండా నాలుగు దశాబ్దాలు ఆమే పెద్ద. వందల మందికి మాట్లాడటం నేర్పిన మనిషి తన కుర్చీ ఎవరిదో తేల్చలేదు. 2016లో ట్రంప్‌కు మద్దతిచ్చినప్పుడు పాలకమండలి రెండుగా చీలింది, ఎదుటి పక్షంలో కన్నకూతురే ఉంది. పేరు ఎవరిది, ఆస్తులెవరివి అంటూ కేసులు పడ్డాయి. ఆమె పోయాక ఈగిల్ ఫోరం ఒకటి, ఫిలిస్ ష్లాఫ్లీ ఈగిల్స్ అని ఇంకొకటి, రెండు సంస్థలు మిగిలాయి.